ఒక విచారణ గురువు ఆలోచనలు: మధ్యలోంచి మొదలుపెట్టాల్సిన పుస్తకం

ముందే చెప్పేస్తాను. ఒక కతోలిక విచారణ గురువు, అంటే ఒక ఊరి గుడిని చూసుకునే ఫాదర్, రాసిన ఈ వ్యాసాల పుస్తకం కొనొచ్చు, చదవొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు కూడా, కానీ దయచేసి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టొద్దు. మొదటి రెండు అధ్యాయాలు చదివి "అబ్బే, ఆదివారం విన్నదే కదా" అని మూసేసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు, వాళ్లను తప్పు పట్టడానికి కూడా లేదు. రెండో భాగం తెరిచి, బలిపాత్రలో, అంటే పూజలో గురువు ద్రాక్షారసం పోసే పాత్రలో, వేసే నీటిచుక్క గురించి రాసిన అధ్యాయం చదవండి. అది నచ్చితే అక్కణ్నుంచి ముందుకీ వెనక్కీ వెళ్లొచ్చు. అదీ నచ్చకపోతే ఇక మిగతాది చదివి ప్రయోజనం లేదు.

రచయిత ఎవరో తెలియదు. అట్ట మీద "ఒక విచారణ గురువు" అని మాత్రమే ఉంది. లోపల ఫోటో లేదు, ఏ మేత్రాసనమో (ఏ బిషప్ పరిధో) లేదు, గురుపట్టం ఎప్పుడు తీసుకున్నారో లేదు. నాకైతే ఇదే బాగుందనిపించింది, ఎందుకంటే పేరు తెలిస్తే ముందు ఆ ఫాదర్ గారు ఎవరి వైపు, బిషప్ గారికి దగ్గరా దూరమా అని లెక్కలు వేసుకున్నాకే పుస్తకం తెరుస్తారు జనం. విశ్వాసం, ఆరాధన, సంస్కృతి అని మూడు భాగాలు. ఒక్కో భాగంలో విడివిడి వ్యాసాలు, కొన్ని రెండు పేజీలకే అయిపోతాయి, కొన్ని ఎంతకీ అయిపోవు.

మొదటి భాగంతో ఇబ్బంది ఏమిటంటే ఫాదర్ గారు రాయడం లేదు, ప్రసంగిస్తున్నారు. "క్రీస్తునాథునియందు ప్రియమైన సహోదరీ సహోదరులారా" అన్న పిలుపు ఒక్కటే తక్కువ. ప్రతి పేరా చివర ఒక ప్రశ్న వేసి, మనం తల దించుకుని కూర్చున్నట్టు ఊహించుకుని, తర్వాతి పేరాలో ఆయనే జవాబు చెప్పేస్తారు. పీఠం దగ్గర నిలబడి చెబితే గొంతులోని ఎత్తుపల్లాలు దాన్ని కాపాడతాయి. కాగితం మీద ఆ గొంతు ఉండదు కదా. విశ్వాసం అంటే నమ్మకం, నమ్మకం అంటే అప్పగించుకోవడం, అప్పగించుకోవడం అంటే మళ్లీ విశ్వాసం, ఇలా గుండ్రంగా తిరుగుతూ పేజీలు గడిచిపోతాయి.

కానీ అదే భాగంలో సందేహం గురించి ఒక అధ్యాయం ఉంది, దాన్ని మాత్రం వదలొద్దు. ఫ్రాన్సు సన్యాసిని చిన్న తెరేసమ్మ గురించి మనకు చిన్నప్పటి నుంచీ చెప్పేది గులాబీల కథ. ఈయన ఆ గులాబీల జోలికే పోకుండా నేరుగా 1896 ఈస్టర్ దగ్గరికి వెళ్తారు. అప్పటి నుంచి 1897 సెప్టెంబరు 30న ఇరవై నాలుగేళ్లకే చనిపోయేదాకా, అంటే దాదాపు ఏడాదిన్నర పాటు, పరలోకం అనేది అసలు ఉందా లేదా అన్న చీకటి ఆమెను వదల్లేదు. పక్కన క్షయ రోగం. ఆ స్థితిలో ఆమె తనను తాను నమ్మకం లేనివాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చున్నదానిగా చూసుకుంది, వాళ్ల కోసం ప్రార్థించింది. అలాంటి మనిషిని 1925లో పునీతురాలిగా, 1997లో సంఘ పండితురాలిగా, అంటే సంఘమంతటికీ బోధకురాలిగా, ప్రకటించారు. ఫాదర్ గారి వాదన ఇక్కడ సూటిగా ఉంటుంది: సందేహంతో పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వచ్చినవాణ్ని "ఇంకా ఎక్కువ ప్రార్థించు" అని పంపేయడం గురువుకి సులువు, కానీ అది ఆ మనిషి మాట వినకపోవడమే. తాను కూడా అలా పంపించినవాళ్లు ఉన్నారని ఒక్క వాక్యంలో చెప్పి ఆగిపోయారు, దాని మీద సాగదీయలేదు. మొదటి భాగంలో నాకు నిజంగా నచ్చిన వాక్యం అదొక్కటే.

ఇక రెండో భాగం. పుస్తకం డబ్బులు ఇక్కడే వసూలైపోతాయి.

పూజలో అప్పం, ద్రాక్షారసం అర్పించే సమయంలో గురువు బలిపాత్రలో ద్రాక్షారసం పోసి, అందులో కొంచెం నీళ్లు కలుపుతాడు. వెనక బెంచీల్లో కూర్చునేవాళ్లకు అది కనపడదు కూడా, అప్పుడు మనం పాట పాడుతూనో చందా సంచి కోసం జేబు తడుముకుంటూనో ఉంటాం. ఆ నీళ్లు కలిపేటప్పుడు గురువు మెల్లగా ఒక ప్రార్థన చెప్పుకుంటాడు: మన మానవత్వంలో పాలుపంచుకోవడానికి తగ్గించుకున్న క్రీస్తు దైవత్వంలో మాకూ పాలు దక్కాలి, అని దాని భావం. ఈ చిన్న పని చుట్టూ ఆయన ఎంత చరిత్ర అల్లారో చూడాలి. క్రీ.శ. 155 ప్రాంతంలో తొలి క్రైస్తవ రచయిత పునీత జస్టిన్ పూజ గురించి రాసిన వివరణలోనే నీళ్లు కలిపిన ద్రాక్షారసపు పాత్ర ప్రస్తావన ఉంది. అప్పట్లో ద్రాక్షారసంలో నీళ్లు కలుపుకుని తాగడం మామూలు ఇంటి అలవాటు. అంటే మొదట అది కేవలం భోజనం బల్ల మర్యాద. మూడో శతాబ్దం మధ్యలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు పీఠాధిపతి (బిషప్) సిప్రియాన్ దానికి అర్థం చెప్పాడు, ద్రాక్షారసం క్రీస్తు, నీళ్లు ప్రజలు, ఒకసారి కలిశాక విడదీయలేరు అని. అర్థం తర్వాత వచ్చింది, చెయ్యి ముందు కదిలింది. ఈయన అసలు సిద్ధాంతం ఇదే, పుస్తకమంతా దీని మీదే నిలబడి ఉంది: మనుషులు ముందు నమ్మి ఆ తర్వాత ఆరాధించరు, చాలామంది ఆరాధిస్తూ ఆరాధిస్తూ నమ్ముతారు. ఐదో శతాబ్దంలో అక్విటైన్ ప్రోస్పర్ అనే క్రైస్తవ రచయిత చెప్పిన మాట, ప్రార్థించే తీరే నమ్మే తీరును నిర్ణయిస్తుంది అన్నది, దైవార్చన (సంఘం కలిసి చేసే ఆరాధన) పుస్తకాలన్నిటిలో కనిపిస్తుంది కానీ దాన్ని ఇంత నేల మీద నిలబెట్టి చెప్పినవాళ్లు తక్కువ.

ఒక చిన్న సవరణ మాత్రం నేను చేర్చాలి. ఈ నీళ్లు కలపడం అన్ని ప్రాచీన క్రైస్తవ సంఘాల్లోనూ ఉందన్నట్టు రాశారు. ఆర్మేనియా అపోస్తలిక సంఘం నీళ్లు కలపని ద్రాక్షారసమే వాడుతుంది, దాని మీద మధ్యయుగాల్లో రోముతో పెద్ద వాదనలే జరిగాయి. నిజానికి అది చెప్పి ఉంటే ఆయన వాదనకే బలం వచ్చేది, ఒక చుక్క నీళ్ల కోసం సంఘాలకు సంఘాలు ఎందుకు తగువులాడాయో పాఠకుడికి అర్థమయ్యేది.

దీని వెంటే అప్పం ముక్క గురించిన అధ్యాయం. సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) పంచే ముందు గురువు అప్పాన్ని విరిచి, చిన్న తునకను పాత్రలో వేస్తాడు. ఎందుకు? ఆయన మనల్ని పాత రోముకు తీసుకెళ్తారు. 416లో మొదటి ఇన్నోసెంట్ పోపు గారు గుబ్బియో పీఠాధిపతి దెచెంతియుకు రాసిన లేఖ ఉంది, అందులో ఆదివారం నాడు పోపు గారు ఆశీర్వదించిన అప్పం ముక్కల్ని నగరంలోని మిగతా గుడుల గురువులకు పంపే అలవాటు కనిపిస్తుంది, ఆ రోజు తమ జనాన్ని వదిలి రాలేని గురువులు తాము పోపు గారి పూజ నుంచి వేరైపోయామని అనుకోకుండా ఉండటానికి. ఇప్పుడు మన గుడిలో పాత్రలో పడే తునకకు ఆ పంపకంతో ఉన్న సంబంధం గురించి పండితులు ఇంకా చర్చించుకుంటూనే ఉంటారు, ఫాదర్ గారు ఆ చర్చను దాచకుండా రెండు వాక్యాల్లో చెప్పేశారు కూడా. నేను ఈ అధ్యాయం చదివిన తర్వాత పూజలో ఆ క్షణం వచ్చినప్పుడు తల ఎత్తి చూడటం మొదలుపెట్టాను. ఒక పుస్తకం నుంచి అంతకంటే ఏం కావాలి.

మౌనం మీద రాసింది కూడా బాగుంది, కాస్త ఘాటుగా ఉంది. దైవార్చన నియమాల ప్రకారం పశ్చాత్తాప ప్రార్థన దగ్గర, "ప్రార్థించుదము" అన్నాక, పఠనాల తర్వాత, ప్రసంగం తర్వాత, సత్ప్రసాదం తర్వాత మౌనం ఉండాలి. "మన గుళ్లలో మౌనం అంటే మైకు పాడైందని అర్థం" అని ఒక వాక్యం రాశారు. నవ్వొచ్చింది. గాయక బృందాల మీద కోపం చూపించకుండా, ఖాళీని చూస్తే భయపడే అలవాటు గురువుల దగ్గరే మొదలవుతుందని ఒప్పుకున్నారు. "ప్రార్థించుదము" అని, ఊపిరి కూడా తీసుకోకుండా ప్రార్థన చదివేసే గురువుల్ని మనమందరం చూశాం.

క్రియాశీలకంగా పాల్గొనడం అనే అధ్యాయంలో రెండవ వాటికన్ మహాసభ, అంటే ప్రపంచంలోని కతోలిక బిషప్పుల పెద్ద సమావేశం, దగ్గరికి వస్తారు. దైవార్చన మీద ఆ మహాసభ పత్రం 1963 డిసెంబరు 4న వెలువడింది, 2,147 మంది ఔనన్నారు, నలుగురే కాదన్నారు. ఆ మహాసభ ఆమోదించిన మొట్టమొదటి పత్రం అదే. జనం సంపూర్ణంగా, తెలిసి, చురుగ్గా పాల్గొనాలి అని 14వ అంశంలో రాసినదాన్ని అందరికీ ఏదో ఒక పని అప్పగించడం అని అర్థం చేసుకున్నామని ఈయన బాధ. ఒకాయన పఠనం, ఇంకొకావిడ విన్నపాలు, పిల్లలు అర్పణ ఊరేగింపు, మిగతావాళ్లు ప్రేక్షకులు. వినడం కూడా పాల్గొనడమే అంటారాయన. ఇక్కడిదాకా ఒప్పుకుంటాను. కానీ పాల్గొనడం గురించి ఇన్ని పేజీలు రాసిన మనిషి, 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోపు గారు పఠన సేవ (పూజలో బైబిలు చదవడం), పీఠ సేవ (పీఠం దగ్గర గురువుకి సాయపడటం) అనే స్థిరమైన పరిచర్యల్ని స్త్రీలకు కూడా తెరిచిన సంగతి ఎక్కడా ఎత్తలేదు. గుడిలో సగానికి పైగా కనిపించేది వాళ్లే. వాళ్ల గురించి ఈ పుస్తకంలో ఉన్నది మరియ తల్లి మీద ఒక అధ్యాయం, పూలు అమర్చే అమ్మల మీద ఒక పేరా. ఇది మర్చిపోవడమో, తప్పించుకోవడమో నాకు అర్థం కాలేదు.

ప్రసంగాల మీద అధ్యాయం చదువుతూ ఉంటే కొంచెం తమాషాగా ఉంటుంది. ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటకూడదని 2024 జూన్‌లో ఫ్రాన్సిస్ పోపు గారు చెప్పిన మాటను ఎత్తి రాసి, దాన్ని సమర్థిస్తూ పుస్తకంలోకెల్లా పొడవైన అధ్యాయం రాశారు.

ఆన్‌లైన్ పూజ గురించి మాత్రం తొందరపడకుండా రాశారు. 2020 మార్చి 27 సాయంత్రం, వానలో తడుస్తున్న ఖాళీ పునీత పేతురు చౌకులో ఫ్రాన్సిస్ పోపు గారు ఒక్కరే నడుచుకుంటూ వచ్చిన దృశ్యాన్ని గుర్తు చేసి, ఆ రోజు తెర మీద చూసినవాళ్లెవరూ ప్రార్థన చేయలేదని తాను అనలేనంటారు. మంచం మీద ఉన్నవాళ్లకు అది ఇప్పటికీ పెద్ద ఆసరా. కానీ లేచి నడవగలిగినవాళ్లకు తెర చాలదు, ఎందుకంటే సత్ప్రసాదం నాలుక మీద పెట్టేది, పక్కవాడి దగ్గు వినపడేది, చంటిపిల్ల ఏడుపు విసిగించేది గుడి. ఒంటితో చేసే పనిని కంటితో చేయలేం అన్నది ఆయన మాట. నీటిచుక్క అధ్యాయం చదివినవాళ్లకు ఇది ఎక్కడి నుంచి వస్తోందో వెంటనే తెలుస్తుంది.

మూడో భాగం సగం బంగారం, సగం తప్పించుకోవడం.

బంగారం ముందు. 601లో మహా గ్రెగరీ పోపు గారు ఇంగ్లండు వెళ్తున్న మెల్లితుసుకు రాసిన లేఖతో మొదలవుతుంది. అక్కడి పాత దేవాలయాల్ని కూలగొట్టొద్దు, విగ్రహాల్ని మాత్రం తీసేసి, తీర్థం చల్లి, పీఠాలు కట్టి వాడుకోండి, జనం అలవాటుగా వచ్చే చోటికే వస్తారు, అని దాని సారం. అక్కణ్నుంచి మత్తేయు రిచ్చి దగ్గరికి వస్తారు. 1582లో మకావు చేరిన ఈ యేసు సభ (జెస్యూట్) గురువు చైనాలో మొదట బౌద్ధ సన్యాసి వేషం వేసి, అది పొరపాటని తెలుసుకుని 1595లో పండితుల దుస్తులకు మారాడు, 1610లో బీజింగులో చనిపోయాడు. పూర్వీకులకూ కన్ఫ్యూషియస్‌కూ చైనీయులు చేసే మర్యాదలు మతపరమైనవా, సామాజికమైనవా అన్నది అసలు ప్రశ్న. సామాజికమే అన్నాడు రిచ్చి. ఆయన తర్వాత వచ్చిన ఫ్రాన్సిస్కన్, డొమినికన్ గురువులు కాదన్నారు. కాంగ్షీ చక్రవర్తి 1692లో క్రైస్తవాన్ని సహించాలని ఆజ్ఞ ఇచ్చాడు. రోము 1715లో ఆ ఆచారాల్ని గట్టిగా నిషేధించింది, దాంతో చక్రవర్తికి కోపం వచ్చి 1721లో ప్రచారమే వద్దన్నాడు. 1742లో పద్నాలుగో బెనెడిక్ట్ పోపు గారు చర్చ కూడా వద్దని మూసేశారు. 1939లో పన్నెండో పియుస్ పోపు గారి కాలంలో ఆ నిషేధం సడలింది. అంటే 1742 నుంచి లెక్కేస్తే 197 సంవత్సరాలు! ఫాదర్ గారు ఈ కథను ఎవరినీ వెనకేసుకు రాకుండా చెబుతారు. నిషేధించినవాళ్లను మూర్ఖులనలేదు, వాళ్లు భయపడిన విషయంలో కూడా అర్థముందని, అన్నిటికీ సరే అంటూ పోతే చివరికి సువార్త అలంకారంగా మిగిలిపోతుందని రాశారు. అయినా ఆ మధ్యలో పుట్టి చనిపోయిన తరాల సంగతి ఏమిటని అడిగారు, తాత సమాధి దగ్గర తల వంచాలా వద్దా అని నలిగిపోయినవాళ్లకు రోము ఏం జవాబు చెబుతుందని. ఒక విచారణ గురువు ఈ ప్రశ్న అచ్చులో వేయడం చిన్న సంగతి కాదు.

తర్వాత జైరు (ఇప్పటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) ఆచారం. 1988లో రోము ఆమోదం పొందిన ఈ పూజాక్రమంలో ప్రారంభంలో పునీతులతో పాటు పూర్వీకుల్ని కూడా పిలుస్తారు, పశ్చాత్తాప ప్రార్థన ప్రసంగం, విశ్వాస సంగ్రహం అయ్యాక వస్తుంది, దాని వెంటనే శాంతి మర్యాద. వాక్యం విన్నాకే కదా మన తప్పు మనకు తెలిసేది, క్షమాపణ అడిగాకే కదా పక్కవాడి చెయ్యి పట్టుకోగలిగేది అని దాని తర్కం వివరించారు. 2019 డిసెంబరు 1న పునీత పేతురు మహాదేవాలయంలో ఫ్రాన్సిస్ పోపు గారు ఇదే క్రమంలో పూజ చేశారని చేర్చారు. ఒకప్పుడు చైనాలో నలిగిన ప్రశ్నకు ఆఫ్రికా పూజలో జవాబు దొరికిందన్నట్టు రెండు అధ్యాయాల్ని పక్కపక్కన పెట్టడం తెలివైన పని, ఆ సంబంధాన్ని వేలు పెట్టి చూపించకుండా వదిలేయడం ఇంకా తెలివైన పని.

ఇప్పుడు తప్పించుకోవడం. రిచ్చి కథ ఇంత ధైర్యంగా చెప్పిన మనిషి, ఇవాళ్టి గొడవల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోయారు. రెండవ వాటికన్ మహాసభకు ముందు నాటి పాత లాటిన్ పూజకు 2007లో పదహారో బెనెడిక్ట్ పోపు గారు ద్వారాలు తెరవడం, 2021 జులైలో ఫ్రాన్సిస్ పోపు గారు మళ్లీ కట్టడి చేయడం, ఈ రెంటినీ ఒక్క పేరాలో ముగించి "ఐక్యత కోసం ప్రార్థిద్దాం" అనేశారు. ప్రార్థిద్దాం, కాదనను, కానీ ఆ పూజను ప్రేమించే యువకుడు ఎందుకు ప్రేమిస్తున్నాడో ఈయన నీటిచుక్క అధ్యాయమే చక్కగా చెప్పగలదు, ఎందుకంటే అక్కడ కూడా చెయ్యి ముందు కదులుతుంది, మౌనం ఉంటుంది. 1570లో ఐదో పియుస్ పోపు గారు పూజా గ్రంథాన్ని ఏకం చేసినప్పుడు కూడా రెండు వందల ఏళ్లకు పైబడిన పద్ధతుల్ని ఉండనిచ్చారు, మిలాను నగరపు సొంత పూజాక్రమం అలాగే బతికింది. రోముతో ఐక్యంగా ఉన్న తూర్పు సంఘాలు 23 ఉన్నాయి, వాటిలో వేర్వేరు పూజాక్రమాలున్నాయి. ఇవన్నీ ఆయనకు తెలియనివి కావు. చెప్పలేదంతే.

ఇంకా ఘోరం చివర్లో వచ్చే "నేటి సంస్కృతి" అధ్యాయం. సెల్‌ఫోన్, సీరియళ్లు, యువత, ఫ్యాషన్, అన్నిటినీ ఒకే మూటలో కట్టి తిట్టారు. రిచ్చికి చైనాలో పండితుల దగ్గర కూర్చుని వాళ్ల పుస్తకాలు చదవడానికి ఏళ్లు పట్టిందని మెచ్చుకున్న చేత్తోనే, తన విచారణలోని ఇరవై ఏళ్ల పిల్లల సంస్కృతిని ఒక్క పూట కూడా దగ్గర కూర్చుని చూడకుండా తీర్పు రాసేశారు. పూర్వీకుల సంస్కృతి అయితే గౌరవం, పిల్లలది అయితే వ్యాధి. ఏది సంస్కృతో ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్న ఈ భాగానికి గుండెకాయ కావాల్సింది, దాన్ని ఎవరూ అడగరు.

అచ్చు సంగతి క్లుప్తంగా: అక్షరాలు పెద్దవి, కళ్లకు హాయి, కాగితం పర్వాలేదు. పదసూచిక లేదు, ఇన్ని పేర్లూ తేదీలూ ఉన్న పుస్తకానికి అది లేకపోవడం చిరాకు. ఒకచోట 1742 కాస్తా 1724 అని పడింది, జాగ్రత్త. పోపుల లేఖల్లోంచి తీసుకున్న భాగాలు మాత్రం ఏ అంశం సంఖ్యో పక్కనే ఇచ్చారు, సరిచూసుకోవడం తేలిక.

ఎవరికి పనికొస్తుందంటే, ఉపదేశులకు, దైవార్చన బృందంలో ఉన్నవాళ్లకు, చిన్నప్పటి నుంచి పూజకు వెళ్తూ ఇవన్నీ ఎందుకు చేస్తున్నామని ఎప్పుడూ అడగనివాళ్లకు తప్పకుండా. కతోలిక సంఘం గురించి మొదటిసారి తెలుసుకోవాలనుకునే బయటివాళ్లకు వద్దు, సగం మాటలు అర్థం కావు, అర్థాలు ఇవ్వలేదు కూడా. యువతకు ఇవ్వాలనుకుంటే ఆ చివరి అధ్యాయం చదవొద్దని ముందే చెప్పి ఇవ్వండి, లేకపోతే అదే ముందు చదివి మొత్తం పుస్తకం మీద కోపం తెచ్చుకుంటారు. రెండో ముద్రణ వేస్తే ఆ అధ్యాయం తీసేసి, అదే చోట పఠనం చదివే ఆడవాళ్లలో ఎవరి చేతనైనా ఒక వ్యాసం రాయించమని ప్రచురణకర్తలకు నా మనవి. ఐదుకు మూడున్నర నక్షత్రాలు, ఆ మూడూ రెండో భాగానివే.